పెద్దపొడ: కొండచిలువను మచ్చిక చేయు విద్యయు, తెలుగు పాములవారును

ప్రాచీనాంధ్రమున 'చిలువ' యనగా పాము. కొండలయందు తిరుగునది గనుక కొండచిలువ. తమిళులు దీనిని 'మలైప్పాంబు' అందురు. అర్థము సరిగా నదియే. కన్నడిగుల 'హెబ్బావు' పెద్దపాము. మరాఠీవారును ఒడియావారును సంస్కృతపు 'అజగర' శబ్దమునే వాడుకొనిరి. మేకను మ్రింగునదియని దాని వ్యుత్పత్తి. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఈ మాటలన్నియు వాడుకలోనికి వచ్చుట సహజమే. ఇరుగుపొరుగువారి పేరు తెలియనివాడు ఆపద వచ్చినప్పుడు కేక వేయుటయెట్లు? కాని ఈ పామునకు తెలుగుననే మరియొక పేరు కలదు. అది 'పెద్దపొడ'. ఈ పేరు పాములను చేతబట్టి జీవించినవారి నోటినుండి వచ్చినదని నా యభిప్రాయము. ఆ పేరును, దాని వెనుక నున్న విద్యను గూర్చి వ్రాయుటయే ఈ వ్యాసముయొక్క ప్రయత్నము.

పెద్దపొడ యను పేరు గ్రంథస్థమైన విధము చెప్పదగినది. స్కాట్లండు దేశస్థుడైన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అలెప్పో నగరమున చిరకాలము వైద్యము చేసి, పిమ్మట తన సోదరుడు క్లాడ్ రస్సెల్‌తో గూడ మన తీరమునకు వచ్చి విశాఖపట్టణమున నివసించెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆతనిని కోరమాండల్ తీరమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాముకాటువలన జనులు చచ్చుచుండగా ఏది విషసర్పము, ఏది కాదు అను సంగతియే దొరలకు తెలియకుండెను. రస్సెల్ పాములను తెప్పించి, నోరు తెరచి కోరలు చూచి, కుక్కలమీదను కోళ్లమీదను విషమును పరీక్షించెను. ఆ కాలమున పేరుమోసిన తంజావూరు మాత్ర నిజముగా విషమును విరుచునా యని కూడ పరీక్షలు జరిపెను. 1789లో స్వదేశమునకు మరలిపోయి, 1796లో లండను నగరమున కోరమాండల్ తీరపు పాములనుగూర్చి రంగుల పటములతో గొప్ప గ్రంథమును వెలువరించెను. రెండవ సంపుటము భాగములుగా వచ్చి, 1805లో ఆతడు మరణించిన తరువాతగాని పూర్తికాలేదు.

ఈ గ్రంథములో మనకు పనికివచ్చు విశేష మొకటి కలదు. రస్సెల్ తన పాములకు లాటిను పేర్లు పెట్టలేదు. ఇచటి జనులు చెప్పిన పేర్లనే తనకు వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. జెర్రిపోతు, బంగారంపాము, కాటుకరేకులపొడ, పెద్దపొడ: ఇట్లు తెలుగుమాటలు వరుసగా నిలిచినవి. అక్షరములు కొంత చెదరినను మాట మనమాటయేయని చదివినంతనే తెలియును. 1803లో దోదెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాము జాతికి 'బంగారస్' అని నామకరణము చేసెను. అది మన 'బంగారము'నుండి పుట్టినదే. రస్సెల్ బంగారంపాము దొరికిన తావు మన్సూర్‌కోట. గంజాం జిల్లాలోని గోపాలపురమునకు అది పూర్వనామము. 1936లో ఒడిషా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాము అందు చేరినది. ప్రపంచమంతట సర్పశాస్త్రజ్ఞులు నిత్యము పలుకు తెలుగుమాట నేటి ఒడిషా గడ్డమీద దొరికిన పామువలన పుట్టినదని బరంపురము, గోపాలపురములందలి మనవారు గర్వించుట న్యాయమే.

ఇక 'పొడ' సంగతి. పొడ యనగా మచ్చ. కాటుకరేకులపొడ యనునది కాటుకతో తీర్చిన రేకులవంటి మచ్చలు గల పాము, నేడు మనము రక్తపింజర యను ఘోరవిషసర్పము. 1797లో షా అను శాస్త్రజ్ఞుడు దీనికి రస్సెల్ పేరే పెట్టుటచే ఇప్పుడు లోకమంతట అది రస్సెల్ పామైనది. కాటుకరేకులు మరుగున పడినవి. పెద్దపొడయో, పెద్ద మచ్చలుగల విషములేని కొండచిలువ. ఒకటి చంపునది, ఒకటి చంపనిది, రెండును పొడలే. ఒడియావారు రక్తపింజరను 'చందన బొడా' అందురు. బొడాకును పొడకును ధ్వనిసామ్య మున్నమాట నిజమేగాని, ధ్వనిని మాత్రమే నమ్మి వ్యుత్పత్తి చెప్పుట సాహసము. దానిని భాషాశాస్త్రజ్ఞులకు విడిచెదను.

రెండింటికిని ఒకే మాట పెట్టుట అజ్ఞానమని కొందరు తలపవచ్చును. నాకట్లు తోచదు. పిల్ల కొండచిలువయు, రక్తపింజరయు చూపునకు అంత దగ్గరగా నుండును. పేరులోనే ఆ హెచ్చరిక యున్నది. పొడ కనబడినచో ఏ పొడయో తేల్చుకొనుము, పిమ్మట చేయి చాపుము అనునదే దాని భావము. రక్తపింజర వీపుమీద మచ్చలు మూడు వరుసలుగా, గొలుసుకూర్పువలె, గుండ్రముగానో కోలగానో దీరియుండును. పొలుసు పొలుసునకు నడుమ గీరవంటి మిట్ట యుండుటచే మేను గరుకుగా కనబడును. కొండచిలువ మచ్చలు వంకరటింకర పలకలు. పొలుసులు నునుపై మెరయును. తలమీద బల్లెపుమొనవంటి గుర్తు. పెదవి పొలుసులయందు చిన్న గుంటలు. పామును కొండచిలువ పిల్లయని ముద్దుచేసి చేతికెత్తుకొని రక్తపింజరచేత కాటుతిన్నవారును కలరు. రక్తపింజరయని భ్రమించి నిరపరాధియైన కొండచిలువను కొట్టిచంపినవారును కలరు. 2000 మొదలు 2019 వరకు భారతదేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటేట 58,000 మంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన అంచనా వేసినది. మరణములధికముగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును (తెలంగాణముతో గూడ), ఒడిషాయును చేరినవి. కావున ఈ పేర్ల చర్చ ఉబుసుపోక చేయునది కాదు.

ఈ పాములను చేతబట్టినవారెవ్వరు? 1909లో థర్‌స్టన్, రంగాచారిగార్లు ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథములో జోగులను తెలుగు భిక్షుకజాతిగా పేర్కొని, వారు పాములనాడించుటయందు నేర్పరులనియు, మూలికలు, మంత్రములు ఎరిగినవారమని చెప్పుకొందురనియు వ్రాసిరి. ఆ గ్రంథమున వారినిగూర్చి చులకన మాటలును లేకపోలేదు. అవి వ్రాసినవారి కాలపు గుణము. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో 'పాముల' యను పేరొకటి నేటికిని కలదు. పాములబుట్టలతో ఊరూరు తిరుగువారికి రాష్ట్రముల ఎల్లలు ఎన్నడును అడ్డు కాలేదు. కన్నడదేశమున హావాడిగులు, మహారాష్ట్రమున గారుడీలు, తమిళదేశమున పాంబాట్టులు అదే విద్యతో బ్రదికిరి. వైదులవలె మహారాష్ట్రమంతట సంచరించుచు ఇంట తెలుగే మాటలాడు సంచారజాతులును కలవు. ఇట్టివారి బాటలవెంటనే మనభాష ఎంతయో దూరము నడచినది. సంస్థానములను, పండితులను గూర్చి వ్రాసినంతగా మనము వారినిగూర్చి వ్రాయలేదు.

పాములవాని బుట్టలలో నాగుపామునకును కొండచిలువకును నడుమ గొప్ప భేదము కలదు. నాగుపామును ఆడించువాని ధైర్యములో కొంత భాగము పాముయొక్క కష్టమే. కోరలు ఊడబెరుకుట, నోరు కుట్టుట అను క్రూరకృత్యములు చాలచోట్ల జరిగినవి. అట్టి పాము ఎక్కువకాలము బ్రదుకదు. కొండచిలువకు విషమే లేదు గనుక తీసివేయవలసిన కోరయు లేదు. దాని నోట వెనుకకు వంగిన సూదులవంటి పండ్లు నూరింటికి దగ్గరగా నుండును; శరీరమంతయు కండ. కావున దానిని పదిమంది నడుమ మెడలలో వేయదగినంత నెమ్మదిగా చేయవలెనన్నచో నిజముగా మచ్చిక చేయుట దప్ప దారిలేదు. ఈ కారణముచేత పాములవాని నేర్పునకు నాగుపాముకన్న కొండచిలువయే సరియైన పరీక్షయని నేను తలంచుచున్నాను.

మచ్చిక యను మాటను ఇచట జాగ్రత్తగా గ్రహింపవలెను. కుక్క యజమానిని ప్రేమించును, కొండచిలువ ప్రేమింపదు. తనను తాకిన వెచ్చని చేయి తనకు హాని చేయదనియు, అది ఆహారమును కాదనియు మాత్రమే అది నేర్చుకొనును. అంతకుమించి కోరుట మనుష్యుని వెఱ్ఱి. కొత్తగా పట్టువడిన కొండచిలువ కోపిష్ఠి యని జనులు చెప్పుదురు, నిజమునకది బెదరినది. మెడను వంకీవలె వెనుకకు లాగికొని తలను సిద్ధముగా నుంచుట, బుసకొట్టుట, ఊపిరి వడిగా తీయుట, తలను చుట్లలో దాచి ఉండగా మారుట: ఇవన్నియు భయచిహ్నములు. పాశ్చాత్యదేశములలో ఇండ్లయందు పెంచు ఆఫ్రికా చిన్నకొండచిలువ భయపడినప్పుడు బంతివలె చుట్టుకొనును. దానినిబట్టియే ఆంగ్లేయులు దానిని బాల్ పైథాన్ అనిరి. చలియుదయమున మొద్దుబారి పడియున్న పామును చూచి సాధువైనదని మురియువాడు మోసపోవును. ఎండ తగిలి మేను వెచ్చబడినప్పుడుగాని దాని గుణము తెలియదు.

బెదురు మాన్పుటకు మొదటి ఔషధము విడిచిపెట్టుట. కొత్తచోటికి తెచ్చిన పామును కొన్నిదినములు తాకక, చీకటిగా నుండు తావున దాగనిచ్చి, తనంతట ఆహారము గొనువరకు వేచియుండవలెను. పాములవాడు మూతగట్టి యుంచు బుట్టలోని చీకటియు, నేటి పాములు పట్టువారి గుడ్డసంచియు చేయుపని యొక్కటే. కన్నులకు ఏమియు కనబడనిచో పాము శాంతించును. తరువాత చేయి చాపు విధము. చేయి ఎన్నడును పైనుండి తలమీదికి దిగరాదు. గ్రద్ద వచ్చునది అట్లే. ఎదురుగను పోరాదు, పెదవి గుంటలతో కొండచిలువ వేడిని గ్రహించును గనుక ముక్కు ముందు వచ్చిన వెచ్చని చేయి దానికి ఎలుకవలె తోచును. ఎలుకను గాని కోడిని గాని ముట్టిన చేతిని కడుగకుండ పామును తాకుటయు అట్టి ప్రమాదమే. ముందుగా పొడవైన కర్రతో మెల్లగా మేనిని నిమిరినచో 'ఇది ఆహారసమయము కాదు' అను సంగతి దానికి తెలియును. పిమ్మట ప్రక్కనుండి నడిమిమేనిక్రింద రెండుచేతులను పోనిచ్చి బరువంతయు మోయవలెను. ఆధారము లేక వ్రేలాడు పాము పడిపోదునను భయముచేతనే పెనగులాడును, గట్టిగా చుట్టుకొనును.

ఈ విద్యలో అన్నిటికన్న కష్టమైనది చేతి నిబ్బరము. సగము చాపి వెనుకకు లాగికొనిన చేయి పామును బెదరించునంతగా, ఒక్కమారుగా మెల్లగా తిన్నగా వచ్చు చేయి బెదరింపదు. పట్టువాని వణకు పామునకు మేనిద్వారా తెలియును. పట్టి బిగించుట నిబ్బరము కాదు. పాము నడచుచుండగా ఒకచేతి పిమ్మట ఒకచేతిని ముందునకు పరచి దానికి కొమ్మవలె నుండుటయే నిబ్బరము. మొదట కొలదినిమిషములు చాలును. అది నెమ్మదించిన తరువాతనే తిరిగి దించవలెను; పెనగినంతనే వదలినచో పెనగుటయే విడుదలకు మార్గమని అది నేర్చుకొనును. చేతికి చుట్టుకొనినచో తలవైపునుండి లాగరాదు. తోకనుండి విప్పుచు రావలెను. కరచిపట్టినచో చేయి లాగికొనిన పండ్లు మరింత లోనికి దిగును గనుక, ఓర్చుకొని యుండవలెను, లేదా దాని నోటిమీద చల్లనినీరు పోయవలెను. ఎనిమిదడుగులు మించిన పాముదగ్గర ఒంటరిగా నుండరాదు. ఎంత మచ్చికైనను దానిని మెడకు చుట్టుకొనరాదు. సంతలలో చూపరుల మెడలో కొండచిలువను వేసి డబ్బులడుగుట పూర్వము వాడుకగా నుండెను. అది వేడుకయే కాని వివేకము కాదు.

పామును ముట్టరాని కాలములు కొన్ని కలవు. కుబుసము విడుచుటకు ముందు కన్నులు పాలచాయగా మసకబారును. చూపు సరిగా లేని పాము సులభముగా బెదరును. మేత మ్రింగిన పిమ్మట కొన్నిదినములవరకు తాకినచో తిన్నది కక్కివేయును, నీరసించును. భాగవతమున అవధూత తనకు గురువులని చెప్పిన 24 మందిలో కొండచిలువ యొకటి. దొరికినది తిని, దొరకనప్పుడు ఊరకయుండుట దానివలన నేర్చెనట. వేదాంతము మాట యెట్లున్నను అది ప్రత్యక్షముగా చూచి చెప్పిన మాటయే. పెద్దకొండచిలువ ఒక మేతతో వారములు గడపును.

గ్రుడ్లమీద నున్న ఆడుపాము సంగతి వేరు. అది గ్రుడ్లచుట్టు చుట్టుకొని, కండరములను ఆగియాగి అదిరించుచు వేడి పుట్టించి పొదుగును. ఈ సంగతిని 19వ శతాబ్ది పూర్వార్ధమున లామార్ పికో అను ఫ్రెంచివాడు భారతదేశమున చూచి చెప్పగా పారిస్ పండితులు నమ్మలేదు. చల్లని నెత్తురుగల జంతువు వేడి పుట్టించుటయా యని నవ్విరి. 1841లో పారిస్ జంతుప్రదర్శనశాలలోనే ఒక కొండచిలువ గ్రుడ్లు పెట్టగా వాలన్సియెన్ ఉష్ణమాపకముతో కొలిచి అది నిజమని చూపెను. 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు దానిని మరల ధ్రువపరచిరి. ఎంత మచ్చికైన పామైనను అట్టి సమయమున చేతికి లొంగునని ఆశించుట తప్పు.

ఇంత చెప్పి అసలుమాట దాచుట న్యాయము కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమున కొండచిలువ మొదటి షెడ్యూలులో నున్నది. దానిని పట్టుట, ఇంట నుంచుట, ఆడించుట నేరములు. శిక్ష మూడేండ్లకు తక్కువకాని, ఏడేండ్లవరకు సాగగల కారాగారము. కావున పైన చెప్పిన పద్ధతులు మనదేశమున జంతుప్రదర్శనశాలలవారికిని, అటవీశాఖ అనుమతితో ఊళ్లలో చొరబడిన పాములను పట్టి అడవులలో విడుచువారికిని మాత్రమే పనికివచ్చును. చట్టము అవసరమైనదే, తోళ్లకొరకు పాములను లక్షలకొలది చంపిన కాలమది. కాని ఆ చట్టము పాములవాని బుట్టను తీసికొనినప్పుడు వాని చేతికి మరేమియు ఈయలేదు. కొడుకులు కూలికి పోయిరి. విద్య తండ్రితో ఆగినది.

ఇట్లే కావలసినపని లేదని తమిళదేశపు ఇరుళుల కథ చెప్పుచున్నది. తోళ్ల వ్యాపారము ఆగిన పిమ్మట, 1978లో చెన్నపట్టణమునకు సమీపముననున్న వడనెమ్మేలియందు వారికొక సహకారసంఘ మేర్పడినది. ప్రభుత్వానుమతితో విషసర్పములను పట్టి, విషము తీసి, విరుగుడు మందు తయారుచేయువారికి అమ్మి, పామును తిరిగి అడవిలో విడుతురు. అందలి మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనువారిని 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించిరి. అచట ఇండ్లలో పెంచుకొని విసిగి విడిచిన బర్మా కొండచిలువలు చిత్తడినేలలలో పెరిగి ఆ ప్రాంతపు జంతువులను తినివేయుచున్నవి. మన కొండచిలువకు అది దగ్గరి చుట్టము. చాలకాలము రెండును ఒకే జాతిగా లెక్కింపబడినవి. యంత్రములతో, కుక్కలతో వెదకినవారికి చిక్కని పాములను ఈ యిరువురు ఇనుపకడ్డీలతో, కంటిచూపుతో మొదటి ఎనిమిది దినములలోనే 13 పట్టిరి. 2023లో ఇరువురికిని పద్మశ్రీ బిరుదము లభించినది.

ఇరుళులు తెలుగువారు కారు. కాని పులికాటు సరస్సు చుట్టుపట్ల తెలుగు మాటలాడు యానాదులును, పైన చెప్పిన జోగులును, పాములవారును అట్టి నేర్పుగలవారే. ఈ సంపుటము చేరు ఊళ్లలో వారి కుటుంబములు ఇంకను కలవు. గంజామున, పర్లాకిమిడిని, బళ్లారిని, కోలారున, చెంగల్పట్టు, తిరువళ్లూరు ప్రాంతములలో ఉన్న మనవారు తమ ఊరి పాములవాని నడిగి, ఆతడు ఏ పామును ఏ పేరున పిలుచునో, పొడలలో ఏది ఏదని ఎట్లు తేల్చునో, బెదరిన కొండచిలువదగ్గర మొదట ఏమిచేయునో వ్రాసి సంఘమునకు పంపవలెనని మనవి. ఆతని మాటను మార్చక, వినబడినట్లే వ్రాసిన చాలును. రస్సెల్ చేసినదియు అంతియే.